బెంగళూరులో జిమ్ పెడుతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు మార్కెట్ లెక్క తేల్చుకోవడం ఎలా

మారతహళ్లి వైపు మనవాళ్లు నలుగురు ఒకచోట చేరితే వ్యాపారం మాట రాకుండా ఉండదు, వస్తే మూడే పేర్లు వినిపిస్తాయి: పీజీ హాస్టల్, ఆంధ్రా మెస్, జిమ్. మొదటి రెండూ ఎవరో ఒక బావమరిదో, ఊరివాడో ఆల్రెడీ చేస్తుంటాడు కాబట్టి లాభనష్టాలు అడిగితే తెలుస్తాయి. జిమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క ఎవరూ వేయరు. మెయిన్ రోడ్డు మీద సెకండ్ ఫ్లోర్ ఖాళీగా కనబడుతుంది, ఓనర్‌తో అద్దె బేరం కుదురుతుంది, మెషీన్ల కొటేషన్ వాట్సాప్‌లో వచ్చేస్తుంది, "చుట్టూ ఇంత ఐటీ జనం ఉంటే రాకేం చేస్తారు" అనుకుని దిగిపోతారు.

బెంగళూరులో జిమ్‌లకి గిరాకీ ఉందా అని అడిగితే ఉంది, అందులో డౌటే లేదు. కల్ట్ 2016లో ఈ ఊళ్లోనే మొదలైంది, గోల్డ్స్, ఎనీటైమ్ లాంటి పెద్ద బ్రాండ్లన్నీ ఇక్కడున్నాయి, గల్లీకో సొంత జిమ్ ఉంది. కానీ మీరు అద్దె కట్టబోయేది బెంగళూరు మొత్తానికి కాదు కదా, ఒక్క ఫ్లోర్‌కి. ఆ ఫ్లోర్‌కి పది నిమిషాల్లో చేరగలిగే జనంలో డబ్బు కట్టేవాళ్లెందరు, కట్టినవాళ్లలో గడువయ్యాక మళ్లీ కట్టేవాళ్లెందరు, తేలాల్సింది ఈ రెండే. కింద చెప్పేదంతా వాటి కోసమే. ఉదాహరణలు మారతహళ్లి, మున్నేకొళాల్, కుందలహళ్లి వైపు నుంచి తీసుకున్నాను, మీది బీటీఎం అయినా ఎలక్ట్రానిక్ సిటీ అయినా పద్ధతి ఇదే.

మొదట ఖర్చు, ఆ తర్వాతే జనాభా

మార్కెట్ స్టడీ అనగానే అందరూ జనాభాతో మొదలుపెడతారు. నేనైతే అద్దెతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మనకి ఎంతమంది కావాలో తెలియకుండా బయట ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఏం చేసుకుంటాం.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవే, మీ వీధి రేట్లు పెట్టి మళ్లీ వేసుకోండి. 4,000 చదరపు అడుగుల ఫ్లోర్, అడుగుకి 70 రూపాయలు, అంటే నెలకి అద్దె 2.8 లక్షలు. ట్రైనర్లు, రిసెప్షన్, క్లీనింగ్ వాళ్లందరి జీతాలు 2 లక్షలు. కరెంటు, ఏసీలు, జనరేటర్ డీజిల్, నీళ్ల ట్యాంకర్లు కలిపి 80 వేలు. మెషీన్ల లోన్ ఈఎంఐ లక్షన్నర. రిపేర్లు, ప్రకటనలు, సాఫ్ట్‌వేర్, పాటలు పెట్టడానికి కట్టే లైసెన్స్ ఫీజు, ఇంకా చిల్లర మల్లర ఖర్చులు 90 వేలు. మొత్తం 8 లక్షలు. ఇందులో మీ జీతం లేదని గుర్తుపెట్టుకోండి, చాలామంది అదే మర్చిపోతారు.

ఇప్పుడు ఆదాయం. ఏడాది ప్యాక్ జీఎస్టీతో కలిపి 12,000 అనుకుంటే నెలకి వెయ్యి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి మీ చేతికి దాదాపు 952 వస్తుంది. తగ్గింది కదా అని పండగ చేసుకోకండి, ఈ 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మెషీన్లు కొన్నప్పుడు, బిల్డింగ్ ఓనర్ జీఎస్టీ వేసి అద్దె బిల్లు ఇచ్చినప్పుడు మీరు కట్టిన పన్ను ఇక వెనక్కి రాదు. కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో "ప్లస్ జీఎస్టీ" అని కనబడితే దాన్ని నేరుగా ఖర్చులో కలిపేయండి.

8 లక్షలని 952తో భాగిస్తే 840 మంది మెంబర్లు కావాలి. పర్సనల్ ట్రైనింగ్ కాస్త సాయం చేస్తుంది. 30 మంది నెలకి ఆరేసి వేలు కడితే 1.8 లక్షలు, పన్ను పోగా మిగిలిన దాంట్లో సగం ట్రైనర్‌కి పోతుందనుకున్నా మీకు 85 వేలు మిగులుతుంది. అప్పుడు 750 మంది చాలు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 4,000 అడుగుల్లో రిసెప్షన్, చేంజింగ్ రూములు, బాత్రూములు, స్టోర్ పోతే ఎక్సర్‌సైజ్‌కి మిగిలేది 2,800. మనిషికి 40 అడుగులు వేసుకుంటే ఒకేసారి 70 మంది. నేను వాడే మోటు లెక్క ప్రకారం యాక్టివ్ మెంబర్లలో వందకి ఎనిమిది నుంచి పది మంది సాయంత్రం పీక్‌లో ఒకేసారి లోపల ఉంటారు. 750 మందికి అది 60 నుంచి 75 అవుతుంది. అంటే నష్టం లేకుండా బతకడానికి కావాల్సిన మెంబర్లతోనే మీ ఫ్లోర్ నిండిపోయింది! లాభం తెచ్చిపెట్టాల్సిన 751వ మనిషి వచ్చేసరికి కేబుల్ మెషీన్ దగ్గర క్యూ ఉంటుంది, వాడు ఓ వారం చూసి గూగుల్‌లో రెండు స్టార్లు ఇచ్చి పోతాడు. జనం దాకా వెళ్లకముందే, కాగితం మీదే చాలా బిల్డింగులు ఇక్కడే ఫెయిలవుతాయి. మీది కూడా ఇక్కడ నిలవకపోతే అద్దె తగ్గించమని అడగండి, లేదా వేరే బిల్డింగ్ చూసుకోండి, మిగతా స్టెప్పులు వేస్ట్.

ఇంకొక్క భాగహారం. రెన్యువల్ 35 శాతం ఉంటుందనుకుంటే 750 మందిలో ఏడాదికి 490 మంది దాకా జారిపోతారు. ఆ ఖాళీ పూడ్చడానికి నెలకి 41 మంది కొత్తవాళ్లు కావాలి. వచ్చి చూసి అడిగి వెళ్లేవాళ్లలో ముగ్గురికి ఒకరు కడతారనుకుంటే రోజుకి నలుగురు మెట్లెక్కాలి, ఆదివారం, వర్షం, బంద్ అన్నీ కలుపుకుని ప్రతిరోజూ. ఈ "రోజుకి నలుగురు" అన్న అంకెని ఒక కాగితం మీద రాసుకోండి, బయట తిరిగేటప్పుడు పనికొస్తుంది.

మ్యాప్ మీద సర్కిల్ గీయకండి, నడవండి

పుస్తకాల పద్ధతి ప్రకారం చుట్టూ రెండు కిలోమీటర్ల సర్కిల్ గీస్తారు. బెంగళూరులో ఆ సర్కిల్‌కి విలువ లేదు. ఔటర్ రింగ్ రోడ్డుకి అవతలున్న అపార్ట్‌మెంట్ మ్యాప్ మీద 600 మీటర్లే, కానీ సాయంత్రం ఏడింటికి యూ-టర్న్ కొట్టి రావాలంటే ఇరవై నిమిషాలు. పైగా సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో బ్లూ లైన్ పనులు జరుగుతున్న రోడ్డది, ఈ నెల డివైడర్‌లో తెరిచి ఉన్న కట్ వచ్చే నెల ఉంటుందన్న గ్యారంటీ లేదు. రోడ్డు, రైలు పట్టాలు, చెరువు, వన్‌వే, ఇవన్నీ గోడలే.

కాబట్టి ఆ బిల్డింగ్ గేటు దగ్గర నిలబడి, సాయంత్రం ఏడు గంటలకి, నాలుగు దిక్కులా పది నిమిషాలు నడవండి, తర్వాత బండి మీద పది నిమిషాలు వెళ్లండి. ఎక్కడ ఆగారో ఫోన్‌లో మ్యాప్ మీద పిన్ పెట్టండి. ఆ పిన్నులు కలిపితే వచ్చే వంకరటింకర బొమ్మే మీ మార్కెట్. పొద్దున ఆరున్నరకి మళ్లీ అదే చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, ఎందుకంటే రోడ్లు ఖాళీ. అందుకే ఇక్కడ మార్నింగ్ బ్యాచ్‌కి దూరం నుంచి కూడా వస్తారు, ఈవినింగ్ బ్యాచ్ మాత్రం పక్కా లోకల్.

మెట్రో పర్పుల్ లైన్ 2023లో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయ్యాక ఇంకో సంగతి కలిసింది. మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి నడిచే దారిలో మీ బోర్డు కనబడితే అది వేరే లెవెల్. స్టేషన్ వెనక వైపు, జనం నడవని సందులో ఉంటే మెట్రో పక్కనే అని మురిసిపోయి లాభం లేదు. జనం దిగి ఎటు మళ్లుతున్నారో ఒక సాయంత్రం నిలబడి చూస్తే సరిపోతుంది.

తలలు లెక్కపెట్టడం

2011 జనాభా లెక్కల్ని మాత్రం నమ్ముకోకండి, అప్పటి మున్నేకొళాల్‌కి ఇప్పటి మున్నేకొళాల్‌కి సంబంధమే లేదు. ఓటర్ల లిస్టు కూడా అక్కరకు రాదు, మన పీజీ కుర్రాళ్ల ఓట్లన్నీ నెల్లూరులోనో అనంతపురంలోనో ఉంటాయి.

దీనికో తేలిక ఉపాయం ఉంది. బిల్డర్ ఫ్లోర్లు (చిన్న బిల్డింగుల్లో ఫ్లోర్‌కి ఒకటి రెండు ఇళ్లు), ఇండిపెండెంట్ ఇళ్లు ఉన్న వీధిలో ప్రతి బిల్డింగ్ కింద పార్కింగ్‌లో గోడకి కరెంటు మీటర్లు వరసగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టండి. ఎనిమిది మీటర్లుంటే ఒకటి మోటారుది, ఒకటి కామన్ లైట్లది తీసేసి ఆరు ఇళ్లు. రెండు మూడు వీధులు ఇలా లెక్కపెడితే వీధికి సగటు తేలుతుంది, మిగతాది గుణకారం. పీజీలకైతే బయట బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసి బెడ్ కావాలని అడిగితే ఎన్ని ఫ్లోర్లు, ఏ షేరింగ్, ఎంత రెంటు, ఖాళీ ఉందా లేదా అన్నీ వాళ్లే చెబుతారు. అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ల సంఖ్య ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలోనే దొరుకుతుంది.

ఉదాహరణకి ఒక పాకెట్‌లో, అంటే మీ పిన్నుల బొమ్మ లోపలున్న ఏరియాలో, ఇలా తేలిందనుకోండి: పీజీ బెడ్లు 3,000, అందులో జనం ఉన్నవి 2,400. బిల్డర్ ఫ్లోర్ల ఇళ్లు 1,800, ఇంటికి జిమ్ వయసువాళ్లు ఇద్దరు చొప్పున 3,600. చిన్న అపార్ట్‌మెంట్లలో 700 ఫ్లాట్లు, 1,400 మంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో 1,500 ఫ్లాట్లు, 3,000 మంది. ఈ చివరి అంకె చూసి సంబరపడితే దెబ్బతింటారు, వాళ్లకి క్లబ్‌హౌస్‌లో మెయింటెనెన్స్‌లో భాగంగానే జిమ్ ఉంటుంది. నేను అయిదో వంతు మాత్రమే తీసుకుంటాను, అంటే 600. మొత్తం 8,000 మంది. సరదాకి బోర్డులు చూస్తూ "ఇక్కడ కనీసం యాభై వేల మంది ఉంటారు బాబాయ్" అనుకున్న చోట తేలేది ఇదీ.

క్లబ్‌హౌస్ జిమ్‌ని పూర్తిగా కొట్టిపారేయకండి కూడా. రెండు ట్రెడ్‌మిల్లుల్లో ఒకటి చెడిపోయి, డంబెల్స్ పదిహేను కిలోల దగ్గర ఆగిపోయి, ట్రైనర్ లేని క్లబ్‌హౌస్ అయితే అక్కడి సీరియస్ జనం బయటికి వస్తారు. ఆ కమ్యూనిటీలో తెలిసినవాళ్లుంటే విజిటర్‌గా వెళ్లి ఒకసారి చూసి రండి.

పక్క జిమ్‌ల ముందు నిలబడండి

అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇక్కడే దొరుకుతుంది, అన్నిటికంటే తక్కువమంది చేసే పని కూడా ఇదే. మీ వంకరటింకర బొమ్మలో ఉన్న ప్రతి జిమ్‌కి ఎదురుగా ఒక టీ కొట్టో, జ్యూస్ షాపో, కాండిమెంట్స్ షాపో ఖచ్చితంగా ఉంటుంది. మామూలు వారంలో మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అక్కడ కూర్చుని లోపలికి వెళ్లేవాళ్లని లెక్కపెట్టండి. సోమవారం వద్దు, సోమవారం దేశమంతా చెస్ట్ డే (ఛాతీ ఎక్సర్‌సైజ్‌ల రోజు) కాబట్టి జిమ్ నిండి ఉంటుంది. శుక్రవారం కూడా వద్దు, సగం మంది ఊరెళ్లే బస్సు కోసం మారతహళ్లి బ్రిడ్జి కింద నిలబడి ఉంటారు. అదే జిమ్‌కి ఇంకో రోజు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చోండి.

కూర్చున్నప్పుడు ఊరికే గీతలు గీయకుండా నాలుగు కాలమ్‌లు పెట్టుకోండి: మగ, ఆడ, నడిచి వచ్చారా బండి మీద వచ్చారా, చేతిలో బ్యాగుందా. బ్యాగ్, షేకర్, విడిగా షూలు తెచ్చుకునేవాడు పాత మెంబర్. ఆఫీసు ఐడీ కార్డు మెడలోనే ఉంటే దారిలో దిగి వస్తున్నాడన్నమాట. పైకి వెళ్లి పదిహేను నిమిషాల్లోనే దిగొచ్చి మెట్ల మీద పాంప్లెట్ చూస్తూ నిలబడేవాడు కొత్తగా అడగడానికొచ్చినవాడు. అలాంటివాళ్లు మూడు గంటల్లో ఒక్కరు కూడా రాలేదంటే మీ కాగితం మీదున్న "రోజుకి నలుగురు" వైపు ఒకసారి చూసుకోండి.

పొద్దున, సాయంత్రం కలిపి వచ్చిన లెక్కని మూడింతలు చేస్తే యాక్టివ్ మెంబర్లు దాదాపు తెలిసిపోతారు, రోజూ మూడోవంతు మందే వస్తారన్న అంచనా మీద. గూగుల్ మ్యాప్స్‌లో ఆ జిమ్ పేరు కింద ఏ గంటకి ఎంత రద్దీగా ఉంటుందో చూపించే గ్రాఫ్ ఉంటుంది. దాంట్లో అంకెలుండవు గానీ మీరు చూసిన పీక్ టైమూ అదీ ఒకటేనా అని సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత కస్టమర్‌లా లోపలికి వెళ్లి ట్రయల్ అడగండి. రేటు అడిగితే మొదట ఎంత చెప్పారు, మీరు "ఆలోచించి చెప్తా" అని మెట్లు దిగేలోపు ఎంతకి దిగారు, మర్నాడు ఫోన్ చేసి ఎంతకి దింపారు, ఈ మూడు రాసుకోండి. 18,000 అన్నవాళ్లు మెట్ల దగ్గరికే 13,000కి వస్తే ఆ జిమ్‌లో ఈ నెల క్యాష్ టైట్‌గా ఉంది. ఒక్క రూపాయి దిగకపోతే వాళ్లకి మీ అవసరం లేదు, అదే మీరు భయపడాల్సిన జిమ్. లోపల డంబెల్ ర్యాక్ చూడండి, జతలు సరిగ్గా ఉన్నాయా, పన్నెండున్నర కిలోలది ఒకటే ఉందా. బెంచీల రెక్సిన్ చిరిగి టేపు వేసి ఉందా. బాత్రూములో నీళ్లొస్తున్నాయా. ఏసీ నిజంగా నడుస్తోందా, లేక ఫ్యాన్లతో లాగిస్తున్నారా.

రివ్యూలు చదివేటప్పుడు అయిదు స్టార్లవి వదిలేయండి, టీ-షర్టు ఇస్తామని రాయించినవే సగం. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని రెండు, మూడు స్టార్లవి చదవండి. ట్రైనర్లు నెలకొకరు మారుతున్నారని, జాయినైన రోజు నుంచి పీటీ (పర్సనల్ ట్రైనింగ్) తీసుకోమని వెంటపడుతున్నారని, ఏడు తర్వాత ఖాళీ ఉండదని, ఇలాంటివి మళ్లీ మళ్లీ కనబడితే అవే మీకు దొరికే సందు.

పై ఉదాహరణలో ఆ పాకెట్‌లో నాలుగు జిమ్‌లుండి, అన్నిటికీ కలిపి 900 మంది యాక్టివ్ అని తేలిందనుకోండి. 8,000లో 900 అంటే 11 శాతం పైనే. మీకు ఇంకో 750 కావాలి. వాళ్లెక్కడి నుంచి వస్తారు? పాత జిమ్‌ల నుంచి లాక్కోవాలి, లేదా ఇప్పటిదాకా ఏ జిమ్‌కీ వెళ్లనివాళ్లని తేవాలి, లేదా ఆ వీధుల్లో కొత్త బిల్డింగులు లేచి జనం పెరగాలి. ఒక్కోదాని కింద ఎంతమందో విడివిడిగా రాయండి. "పాతవాళ్ల నుంచి 250, కొత్తవాళ్లు 200, మిగతా 300..." దగ్గర పెన్ను ఆగిపోతే మీ 4,000 అడుగుల ప్లాన్ ఆ పాకెట్‌కి పెద్దదైంది.

ఏం అడగాలి, ఎవర్ని అడగాలి

"ఇక్కడ మంచి జిమ్ పెడితే వస్తారా?" అని అడిగితే వందకి తొంభై మంది వస్తామనే అంటారు, మొహమాటం. జరిగిపోయినదాని గురించి అడగండి. ఆఖరిసారి జిమ్‌కి ఎప్పుడు డబ్బు కట్టారు, ఎంత, ఎన్ని నెలల ప్యాక్, అందులో నిజంగా ఎన్ని నెలలు వెళ్లారు, ఎందుకు మానేశారు. ఈ చివరి ప్రశ్నకి "టైం లేదు" అంటారు, అక్కడ ఆగకుండా ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తారని అడగండి. ఎనిమిదిన్నరకి ఇల్లు చేరేవాడికి పదింటికి మూసే జిమ్ ఎందుకు, వాడికి రాత్రి పదకొండున్నర దాకా తెరిచి ఉండాలి. అలాంటివాళ్లు మీ పాకెట్‌లో గట్టిగా ఉంటే అదొక్కటే మీ పాంప్లెట్ మీద పెద్దక్షరాల్లో వేయొచ్చు.

పీజీ ఓనర్లతో, వార్డెన్లతో మాట్లాడితే సర్వేల్లో తేలనిది తేలుతుంది. మున్నేకొళాల్‌లో ఒక పీజీ నడిపే కడప ఆయన్ని "అన్నా, మీ పిల్లలు జిమ్‌లకి పోతారా" అనడిగితే, కూరగాయల లెక్క రాసుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు: "పోతారు తమ్ముడూ, జీతం పడినాక పది దినాలు." ఏడాది ప్యాక్ కట్టేవాళ్లున్నారా అంటే, "వాడు నా దగ్గరే ఏడాది ఉండడు, జిమ్‌కి ఏడాదికి కడతాడా?" అన్నాడు. ప్రాజెక్ట్ మారితే కుర్రాడు హెబ్బాళ్‌కో ఎలక్ట్రానిక్ సిటీకో మారిపోతాడు, కోర్సు కోసం వచ్చినవాడైతే ఉద్యోగం దొరికినా వెళ్లిపోతాడు, దొరక్కపోయినా వెళ్లిపోతాడు. అంటే ఆ 2,400 మంది పీజీ జనానికి మీరు అమ్మగలిగేది మూడు నెలల ప్యాకే. రెన్యువల్ లెక్కలో వాళ్లని ఇళ్లవాళ్లతో కలిపేస్తే పైన వేసిందంతా తప్పుతుంది.

ఆడవాళ్లని విడిగా, వీలైతే మీ ఇంట్లో ఆడవాళ్ల ద్వారా అడిగించండి. మన వీధుల్లో ఇప్పటికీ జిమ్‌లు మగవాళ్ల కోసమే కట్టినట్టుంటాయి. లేడీ ట్రైనర్ ఉందా, మెట్లలో, సందులో లైటుందా, కింద వైన్ షాప్ ఉందా, పిల్లల్ని స్కూలుకి పంపాక పదింటి నుంచి పన్నెండింటి మధ్య బ్యాచ్ ఉందా, వాళ్ల నిర్ణయాలు వీటి మీదే ఆధారపడి ఉంటాయి. పొద్దున పార్కులో వాకింగ్ చేసే ఆడవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. టీ కొట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన జిమ్ ఆడవాళ్లతో పోల్చండి. పార్కులో అరవై మంది, నాలుగు జిమ్‌లకీ కలిపి పది మంది కనబడితే, ఇప్పటిదాకా ఎవరూ ముట్టని మార్కెట్ అదే, పైగా మధ్యాహ్నం దాకా ఖాళీగా పడి ఉండే మీ ఫ్లోర్‌కి ఆదాయం కూడా.

ఒక హెచ్చరిక. మనం తెలుగువాళ్లం కాబట్టి తెలుగు పీజీలు, తెలుగు మెస్సులు, తెలుగు ఫ్రెండ్స్ దగ్గరే సర్వే చేసి ఇదంతా మనదే అనుకుంటాం. బిల్డర్ ఫ్లోర్లలో కన్నడ, తమిళ, హిందీ, ఒడియా, బెంగాలీ కుటుంబాలున్నాయి. వాళ్లతో మాట్లాడకపోతే సగం మార్కెట్‌ని చూడనట్టే. రిసెప్షన్‌లో కన్నడ వచ్చిన మనిషి ఉండాలి, బోర్డు మీద 60 శాతం కన్నడలో ఉండాలని 2024లో కర్ణాటక చట్టమే చేసింది.

ధర

జీతం ఎంతని ఎవర్నీ అడగలేం, అద్దె అడగొచ్చు. త్రీ షేరింగ్ బెడ్‌కి కట్టేవాడు, సింగిల్ రూమ్ తీసుకున్నవాడు, టూ బీహెచ్‌కే కుటుంబం, వీళ్ల అద్దెలే మీ ధరల పట్టిక. త్రీ షేరింగ్ కుర్రాడు నెల తిండీ అద్దే కలిపి కట్టేదాంట్లో అయిదో వంతు జిమ్‌కి కట్టమంటే కట్టడు. చుట్టూ ఉన్న జిమ్‌లు బోర్డు మీద రాసిన రేటు కాదు, మెట్ల దగ్గర తేలిన రేటు మీ లెక్కలో వేయండి. మీరు దానికి పైన అమ్మాలంటే కళ్లకి కనబడే తేడా ఉండాలి, ఇంపోర్టెడ్ మెషీన్ అన్న మాట కస్టమర్‌కి పట్టదు, క్యూ లేకపోవడం పడుతుంది.

క్యాలెండర్

జనవరిలో సర్వే చేయకండి. మొదటివారం కొత్త తీర్మానాల జనంతో అన్ని జిమ్‌లూ కిటకిటలాడతాయి, రెండోవారం సంక్రాంతికి మనవాళ్లంతా ఊరెళ్లిపోయి వెలవెలబోతాయి, రెండూ అబద్ధమే. కార్తీకం, అయ్యప్ప మాలల సీజన్‌లో కూడా తెలుగు కుర్రాళ్లలో కొందరు గ్యాప్ ఇస్తారు. ఫిబ్రవరి, మార్చి, జూలై, ఆగస్టు లెక్కలు కాస్త నమ్మదగినవి. మంగళ, బుధ, గురువారాల్లో ఐటీవాళ్లు ఆఫీసులకి ఎక్కువగా వెళ్తారు కాబట్టి సాయంత్రం పీక్ ఆలస్యంగా మొదలవుతుంది, అది కూడా రాసుకోండి. ఓపెనింగ్ మాత్రం డిసెంబర్ మొదట్లో పెట్టుకుంటే ఆ జనవరి జనం మీకు కలిసొస్తారు.

బిల్డింగ్ కూడా మార్కెట్‌లో భాగమే

దీన్ని త్వరగా చెప్పేస్తా. శాంక్షన్డ్ లోడ్ (బిల్డింగ్‌కి మంజూరైన కరెంటు) ఎన్ని కిలోవాట్లో ఓనర్ దగ్గర కరెంటు బిల్లు తీసుకుని చూడండి, నోటిమాట వద్దు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉందా అడగండి, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఓసీ లేని బిల్డింగులకి కనెక్షన్ల దగ్గర ఇబ్బంది పెరిగింది. బేస్‌మెంట్ చవగ్గా ఇస్తామంటే వద్దనండి, ప్లాన్‌లో అది పార్కింగే అయి ఉంటుంది. 2025 సెప్టెంబర్ నుంచి పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, మహదేవపుర, కేఆర్ పురం వైపంతా బెంగళూరు ఈస్ట్ కిందికి వస్తుంది, ట్రేడ్ లైసెన్స్ గురించి అక్కడ కనుక్కోండి. 2024 వేసవిలో నీళ్ల కరువు అందరూ చూసిందే, బోరు పరిస్థితి, ట్యాంకర్ ఎవరి ఖర్చు అన్నది ముందే తేల్చుకోండి. కింది ఫ్లోర్‌లో ఎవరున్నారో చూడండి, డెంటల్ క్లినిక్ ఉంటే పొద్దున్నే డెడ్‌లిఫ్ట్ చప్పుళ్లకి గొడవ తప్పదు. ఒకేసారి 70 మంది వస్తే కనీసం నలభై బళ్లు ఎక్కడ పెడతారు? పార్కింగ్ లేని జిమ్ మీ మార్కెట్‌ని నడిచి వచ్చేవాళ్ల దాకా కుదించేస్తుంది.

డబ్బు కట్టించి చూడండి

లెక్కలన్నీ బాగున్నా, మెషీన్లు ఆర్డర్ పెట్టేముందు ఒక చిన్న పరీక్ష. అదే పాకెట్‌లో ఒక హాలో, అపార్ట్‌మెంట్ టెర్రస్సో, బ్యాడ్మింటన్ కోర్టులో పొద్దున స్లాటో నెలకి అద్దెకి తీసుకుని, ఒక మంచి ట్రైనర్‌తో కెటిల్‌బెల్స్, మ్యాట్లు, బ్యాండ్లతో నాలుగు వారాల బ్యాచ్ పెట్టండి. ఫ్రీగా వద్దు, తక్కువైనా సరే డబ్బు తీసుకోండి. పాంప్లెట్లు పంచండి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో వేయించండి, వెయ్యి మందికి చెబితే ఎందరు ఫోన్ చేశారు, ఎందరు వచ్చారు, ఎందరు కట్టారు, నాలుగోవారం ఎందరు మిగిలారు. పైన మనం ముగ్గురికి ఒకరని, 35 శాతమని ఊహించుకున్నవాటికి ఇప్పుడు మీ సొంత అంకెలొస్తాయి. ట్రైనర్ ఎలాంటివాడో కూడా తెలిసిపోతుంది. ఈ పరీక్షకయ్యే ఖర్చు, ఈ ఊళ్లో కమర్షియల్ ఓనర్లు అడిగే ఆరు నుంచి పది నెలల డిపాజిట్‌తో పోలిస్తే ఏపాటిది.

తేల్చుకునేటప్పుడు

ఇప్పుడు మీ దగ్గర నాలుగు అంకెలుంటాయి: బతకడానికి కావాల్సిన మెంబర్లు, ఫ్లోర్‌లో పట్టే మెంబర్లు, పాకెట్‌లో మీకు దొరకగలిగే మెంబర్లు, నెలకి రావాల్సిన కొత్తవాళ్లు. మొదటిది రెండో దాంట్లో నాలుగింట మూడొంతులు దాటితే, లేదా మూడోదాన్ని దాటితే నేనైతే ఆ బిల్డింగ్ వదిలేస్తాను, ఓనర్ ఎంత మంచివాడైనా సరే. పాకెట్ బాగుండి ఫ్లోర్ మాత్రమే పెద్దదైతే 1,800 అడుగులకి కుదించి మెషీన్లు తగ్గించి బ్యాచ్‌ల పద్ధతిలో నడపొచ్చు, అప్పుడు లెక్క మొత్తం మళ్లీ మొదటి స్టెప్ నుంచి వేయాలి. పార్కు లెక్క మీకు అనుకూలంగా వస్తే లేడీస్ ఓన్లీ జిమ్ గురించి సీరియస్‌గా ఆలోచించండి, మిగతా నలుగురితో రేటు యుద్ధం తప్పుతుంది.

లెక్క కుదిరి ముందుకెళ్తే, లీజు మాట్లాడేటప్పుడు ఈ అంకెలనే బేరానికి వాడండి. ఇంటీరియర్ పని జరిగే రెండు నెలలూ అద్దె లేకుండా అడగండి. లాక్-ఇన్ (లీజు మధ్యలో రద్దు చేయకూడని గడువు) ఓనర్ వైపు మీ మెషీన్ల లోన్ తీరేంత కాలం ఉండాలి, మీ వైపు ఏడాదికి మించకూడదు. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలి, పదకొండు నెలల అగ్రిమెంట్ మీద నలభై లక్షల మెషీన్లు దింపకండి. తెరిచాక మొదటి మూడు నెలలు మెట్లెక్కిన ప్రతి మనిషి దగ్గరా పేరు, ఫోన్‌తో పాటు ఏ వీధి నుంచి వచ్చారు, ఎలా వచ్చారు, ఏ టైమ్ కావాలి అని మూడే మూడు రాయించండి. ఆ రిజిస్టర్‌ని మీరు గీసిన వంకరటింకర బొమ్మ పక్కన పెట్టి చూస్తే పాంప్లెట్లు ఇక ఏ వీధిలో పంచాలో, ఏ వీధిలో మానేయాలో తెలుస్తుంది.